బంకులో స్టాకు తగ్గినప్పుడు: అపోహలు, వాస్తవాలు

రెండు ట్యాంకులు, నాలుగు నాజిళ్లు, షిఫ్టుకి నలుగురు మనుషులు ఉండే మండల కేంద్రం బంకుల గురించే ఇది రాస్తున్నాం. హైవే మీది పెద్ద బంకుల లెక్కలు వేరు. ఇలాంటి చిన్న బంకులో లోడు ఒక్కరోజు ఆలస్యమైతే ఊరంతా రోడ్డెక్కుతుంది. ఆ రోజు లైన్లో వినిపించే మాటల్లో నిజం ఎంతో, బంకు నడిపేవాళ్లు చేయాల్సింది ఏమిటో చెప్పుకుందాం.

అపోహ: ముందు ఫుల్ ట్యాంకు కొట్టించుకుంటే నిశ్చింత.

కొరతని సగం తయారుచేసేది ఈ నమ్మకమే. 2024 జనవరి 2న హైదరాబాద్ బంకుల ముందు రోడ్ల మీదికి లైన్లు వచ్చాయి. రిఫైనరీల్లో నూనె తగ్గలేదు, డిపోల్లో సరుకు ఉంది. హిట్ అండ్ రన్ కేసులకు కొత్త చట్టంలో పెట్టిన శిక్ష మీద ట్యాంకర్ డ్రైవర్లు బండ్లు ఆపారు. ఆ రాత్రికే చర్చలు జరిగి సమ్మె విరమించారు. కానీ ఆ ఒక్క పగట్లోనే చాలా బంకుల్లో 'నో స్టాక్' బోర్డులు లేచాయి.

ఎందుకో లెక్క వేసి చూడండి. అప్పుడు హైదరాబాద్‌లో పెట్రోలు లీటరు 109 రూపాయల పైన. మామూలు రోజుల్లో బైకు మీద వచ్చినవాళ్లు వందో, నూట యాభయ్యో కొట్టించుకుంటారు. నూట యాభై అంటే 1.4 లీటర్లకు కాస్త తక్కువ. ఆ లెక్కన 3,000 లీటర్లు రెండు వేల బైకులకు పైగా వస్తాయి. అదే బైకు రెండు లీటర్లు ఉండగానే వచ్చి పది లీటర్ల ట్యాంకు నింపమంటే ఒక్కో బండికి 8 లీటర్లు పోతాయి. అప్పుడు అదే 3,000 లీటర్లు 375 బైకులకే సరి. తాగినదానికన్నా ట్యాంకుల్లోకి మారినదే ఎక్కువ. రెండు వేల మందికి అందాల్సింది నాలుగొందల లోపు ఇళ్ల ముందు నిలబడి ఉంటుంది.

బైకుకి 2 లీటర్లంటే దాదాపు వంద కిలోమీటర్లు. ఊళ్లో తిరిగేవాళ్లకి రెండు మూడు రోజులు చాలు. అదే జనవరి 2న చండీగఢ్ యంత్రాంగం పెట్టిన పరిమితి కూడా ఇదే: ద్విచక్ర వాహనానికి 2 లీటర్లు లేదా 200 రూపాయలు, నాలుగు చక్రాల బండికి 5 లీటర్లు లేదా 500 రూపాయలు.

అపోహ: నో స్టాక్ బోర్డు పెట్టారంటే లోపల దాచుకున్నట్టే.

స్టాకు ఉండి అమ్మననడం నేరం. అలా చేసేవాళ్ల మీద ఫిర్యాదు చేయాల్సిందే. కానీ డిప్ రాడ్ (ట్యాంకులోకి దించి మట్టం కొలిచే కడ్డీ) మీద తడి కనిపించినంత మాత్రాన అదంతా అమ్మే సరుకు కాదు. పంపు లాగే పైపు మూతి ట్యాంకు అడుగుకి పది, పదిహేను సెంటీమీటర్ల పైన ఉంటుంది. దాని కింద ఉన్నది డెడ్ స్టాకు. నీరు, తుప్పు, మడ్డి చేరేది అక్కడే.

ఇందులో ఇంకో మెలిక ఉంది. భూమిలో ట్యాంకు అడ్డంగా పడుకోబెట్టిన డ్రమ్ము. 2 మీటర్ల వ్యాసం, ఆరున్నర మీటర్ల పొడవు ఉన్న 20 కిలోలీటర్ల ట్యాంకు తీసుకుంటే, నడిమధ్య ఒక్క సెంటీమీటరుకి దాదాపు 130 లీటర్లు ఉంటే, అడుగున 15 సెంటీమీటర్ల దగ్గర ఒక్క సెంటీమీటరుకి 68 లీటర్లే. రాడ్ మీద 50 సెంటీమీటర్లు చూసి పావు ట్యాంకు ఉందనుకుంటే పొరపాటు. ఉన్నది ఐదో వంతు కూడా కాదు, నాలుగు వేల లీటర్లు. అందుకే ఏ మట్టానికి ఎన్ని లీటర్లో చూపే, మీ ట్యాంకుకి ఇచ్చిన డిప్ చార్టు తప్ప ఇంకే అంచనా పనికిరాదు. పక్క బంకు చార్టు కూడా పనికిరాదు.

డిప్ తీసే పద్ధతి తెలిసిందే అయినా, లైన్ పెరిగినప్పుడు తొందరలో తప్పులు జరిగేది అక్కడే. ముందు ఆ ట్యాంకు నాజిళ్లు ఆపాలి. రాడ్‌ని పొడి గుడ్డతో తుడవాలి. చివర నీళ్లు తగిలితే రంగు మారే పేస్టు, అంచనా మట్టం దగ్గర పెట్రోలు తగిలితే రంగు మారే పేస్టు పల్చగా రాయాలి. నిటారుగా, మెల్లగా దించి అడుగు తగలగానే తీయాలి. గుద్దితే చిమ్మి ఎక్కువ చూపిస్తుంది, వాలితే కూడా ఎక్కువే చూపిస్తుంది. రెండుసార్లు తీసి రెండూ కలిస్తేనే రాయాలి. ఉన్నదానికన్నా రెండు సెంటీమీటర్లు ఎక్కువ రాసుకున్నారంటే, లైన్లో నిలబడ్డ దాదాపు వంద బైకులకి, తలా 2 లీటర్ల చొప్పున, లేని పెట్రోలు ఇస్తామని మాటిచ్చినట్టే.

అపోహ: తలా ఇంత అని బోర్డు పెడితే పరిమితి పెట్టే పని పూర్తయినట్టే.

బోర్డు ఆఖరి పని. అంతకు ముందు చేయాల్సినవి ఉన్నాయి.

పెట్రోలు డిప్ 45 సెంటీమీటర్లు వచ్చిందనుకోండి. పైన చెప్పుకున్న ట్యాంకు చార్టులో అది దాదాపు 3,400 లీటర్లు. డెడ్ స్టాకు 700 తీసేయండి. అత్యవసరాలకి 300 పక్కన పెట్టండి. అమ్మదగింది 2,400. కార్లు, ఆటోలు కలిపి 120 బండ్లకి 5 లీటర్ల చొప్పున 600, బైకులు 900కి 2 లీటర్ల చొప్పున 1,800. ఇక టైము సంగతి. నాజిల్ వేగం ఎంత ఉన్నా బైకు దగ్గర నిమిషం పడుతుంది: మూత తీయడం, సున్నా చూపించడం, కొట్టడం, మూత వేయడం. రెండు నాజిళ్ల మీద 900 బైకులంటే ఏడున్నర గంటలు. ఆలోపు లోడు వస్తుందా రాదా అన్నది డిపోకి ఫోన్ చేసి కనుక్కోవాలి. రాదంటే పరిమితి ఇంకా తగ్గించాలి, లేదా సాయంత్రం షిఫ్టుకి సగం ఉంచాలి. పరిమితి పెట్టే ముందే కంపెనీ సేల్స్ ఆఫీసరుకి, పౌరసరఫరాల డిప్యూటీ తహసీల్దారుకి రాతపూర్వకంగా తెలియజేయండి. గొడవ వస్తే ఆ కాగితమే మీకు అండ.

పరిమితిని బయటికి రూపాయల్లో చెప్పండి, లోపల లీటర్లలో లెక్క పెట్టుకోండి. పంపు మీద ముందే 200 అని నొక్కి (ప్రీసెట్) కొడితే చిల్లర గొడవ ఉండదు, లైన్ ఆగదు. రెండు లీటర్లకి రూపాయలు, పైసల్లో లెక్క తేల్చాలంటే ప్రతి బండి దగ్గరా అర నిమిషం పోతుంది.

డబ్బు నాజిల్ దగ్గర తీసుకోవద్దు. నెట్‌వర్క్ సరిగ్గా ఆ రోజే పడిపోతుంది, ఫోన్ చూస్తూ బండి కదలదు. లైన్లోనే, పంపులకి దూరంగా ఒక మనిషి డబ్బు తీసుకుని చీటీ ఇవ్వాలి. చీటీ మీద వరస నంబరు, బండి నంబరు చివరి నాలుగు అంకెలు, మొత్తం, బంకు ముద్ర ఉండాలి. షిఫ్టు మారితే కాగితం రంగు మార్చండి. పొద్దున్న తీసుకున్నవాళ్లు సాయంత్రం మళ్లీ వస్తే పుస్తకంలో నంబరు దొరుకుతుంది.

అన్నిటికన్నా ముఖ్యం, రోడ్డు చివర నిలబడే మనిషి. లెక్కలో తేలిన ఆఖరి బండి ఎక్కడుందో చూసి, దాని వెనకున్నవాళ్లకి అప్పుడే చెప్పేయాలి: "అన్నా, ఇక్కడి దాకే వస్తుంది. నిలబడొద్దు, లోడు వస్తే బోర్డు మీద రాస్తాం." మూడు గంటలు నిలబెట్టి నాజిల్ దగ్గర లేదంటే గొడవ అవుతుంది. ముందే చెబితే తిట్టుకుంటూ అయినా వెళ్తారు. ఈ ఒక్క పని చేసిన బంకులో పోలీసుల్ని పిలవాల్సిన అవసరం అరుదుగా వస్తుంది.

అపోహ: అంబులెన్సు వచ్చినప్పుడు చూసుకోవచ్చు.

అప్పటికి పంపు గాలి పీల్చడం మొదలుపెడితే చూసుకునేది ఏమీ ఉండదు. నిల్వ ఉంచడమంటే వేరే ట్యాంకు కాదు, డిప్ రాడ్ మీద ఒక గీత. మట్టం ఆ గీతకి రాగానే మామూలు అమ్మకం ఆగాలి, ఎవరు చెప్పినా సరే. అంబులెన్సులు, పోలీసు జీపులు ఎక్కువగా డీజిల్ బండ్లు. కాబట్టి పెట్రోలు 300 లీటర్లు ఉంచితే డీజిల్ దానికి రెట్టింపు ఉంచాలి. ఆస్పత్రి జనరేటరు కూడా డీజిలే. పెట్రోలు నిల్వ ఆశా కార్యకర్తలకి, నర్సులకి, లైన్‌మన్లకి. డ్యూటీ కార్డు చూపించమని అడగండి, మొహం చూసి ఇవ్వకండి.

అపోహ: రైతు క్యాన్ తెచ్చినా, కుర్రాడు సీసా తెచ్చినా రెండూ బ్లాకుకే.

రెండూ ఒకటి కాదు. ఎంత తేలిగ్గా అంటుకుంటుందన్న దాన్ని బట్టి చట్టం చేసిన వర్గాల్లో పెట్రోలు క్లాస్ ఎ సరుకు, డీజిల్ క్లాస్ బి. పెట్రోలియం చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా, అమ్మకానికి కాకుండా ఒకచోట ఉంచుకోగలిగింది పెట్రోలైతే 30 లీటర్లు. అదీ గట్టి మూత ఉన్న లోహపు డబ్బాలో. డీజిల్‌కి ఆ హద్దు చాలా ఎక్కువ. నీళ్ల సీసాలో, కూల్‌డ్రింక్ సీసాలో పెట్రోలు ఏ రోజూ పోయకూడదు, కొరత రోజున అసలే వద్దు. అలా వెళ్లిన సీసాలే సాయంత్రానికి కిరాణా కొట్టు ముందు రెట్టింపు ధరకి వేలాడతాయి.

కానీ దమ్ము చేసే ట్రాక్టరు గంటకి ఐదు లీటర్ల దాకా తాగుతుంది. కేజ్ వీల్స్ (బురదలో తిరిగే ఇనుప చక్రాలు) వేసుకున్న బండిని బంకు దాకా తోలుకురాలేరు. వరికోత మిషను కూడా అంతే, చేలో ఉన్నదానికి డీజిల్ చేలోకే పోవాలి. కోతల రోజుల్లో ఆ క్యాన్ డీజిల్ ఆపితే వాన పడి ధాన్యం తడుస్తుంది. ట్రాక్టరు ఆర్సీ గానీ, మిషను యజమాని చీటీ గానీ చూసి, పుస్తకంలో రాసుకుని ఇవ్వండి. క్యాన్‌ని ట్రాలీ మీద కాకుండా నేల మీద పెట్టి, నాజిల్ మూతి అంచుకి తాకించి నింపండి.

అపోహ: కొరత వస్తే బంకువాళ్లకి పండగ.

ధర బంకు నిర్ణయించదు. 2017 జూన్ 16 నుంచి రోజూ ఉదయం 6 గంటలకి చమురు కంపెనీలు సవరించగల ధర అది. డీలరుకి మిగిలేది లీటరు మీద కమీషన్. అమ్మకం లేకపోతే అదీ లేదు, జీతాలు, కరెంటు బిల్లు మాత్రం ఆగవు.

సరుకు రాకపోవడానికి చాలాసార్లు డబ్బే కారణం. 12 కిలోలీటర్ల లోడంటే దాదాపు పన్నెండు లక్షలు ముందే కట్టాలి. చాలా డిపోలు ఆదివారం లోడు ఇవ్వవు. శనివారం ఇండెంటు (లోడు కోసం పెట్టే ఆర్డరు) తప్పితే సోమవారం పొద్దున్న బంకు ఎండుతుంది. 2022 మార్చిలో ఇంకో రకంగా జరిగింది. పెద్ద వాడకందార్లు నేరుగా కొనే బల్క్ డీజిల్ ధర లీటరుకి పాతిక రూపాయల దాకా పెరిగితే, ఆర్టీసీ బస్సులు కూడా మామూలు బంకులకి వచ్చాయి. ఆ గిరాకీకి చిన్న బంకు ట్యాంకు ఆగదు. అదే ఏడాది జూన్ 17న మారుమూల బంకులతో సహా అన్నింటికీ జనానికి సరుకు అందుబాటులో ఉంచాలన్న బాధ్యతని వర్తింపజేస్తూ కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది.

అపోహ: అడుగంటిన ట్యాంకు నుంచి కొట్టించుకుంటే నీళ్లే వస్తాయి.

డెడ్ స్టాకు గీత పైన అమ్మకం ఆపితే రావు. ఆపకపోతే భయం నిజమే. ఇప్పుడొచ్చే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. అది నీటిని పీల్చుకుంటుంది. మోతాదు మించితే ఇథనాల్, నీరు కలిసి అడుగుకి విడిపోతాయి. అది ఇంజిన్లోకి వెళ్తే బండి వంద గజాలు పోయి ఆగిపోతుంది. మామూలు నీళ్ల పేస్టు ఈ పొరని సరిగ్గా పట్టదు, ఇథనాల్ పెట్రోలుకి తగిన పేస్టు వాడాలి.

నాజిల్ కుదుపులతో కొడుతుంటే పైపులోకి గాలి వస్తోందని అర్థం. వెంటనే ఆపి, 5 లీటర్ల కొలత పాత్రలో పట్టి చూడండి. 25 మిల్లీలీటర్లకి మించి తక్కువ వస్తే ఆ నాజిల్‌కి తాళం వేయాల్సిందే. వినియోగదారుడు అడిగినా ఇదే పాత్రలో కొలిచి చూపించాలి. లైన్ పొడుగ్గా ఉందని ఆ హక్కు పోదు.

ఖాళీ ట్యాంకు ప్రమాదం లేనిదనుకోవడం ఇంకా పెద్ద తప్పు. గాలిలో పెట్రోలు ఆవిరి 1.4 నుంచి 7.6 శాతం మధ్య ఉంటే నిప్పురవ్వ చాలు. లోడు దించేటప్పుడు ఆ ఆవిరంతా వెంట్ పైపు నుంచి బయటికి వస్తుంది. అప్పుడు పక్కనే నాలుగొందల బైకులు కిక్కు కొడుతూ ఉండకూడదు.

అపోహ: ట్యాంకర్ గేట్లోకి రాగానే నాజిల్ ఎత్తొచ్చు, పరిమితి తీసేయొచ్చు.

ట్యాంకర్‌ని చదునుగా నిలిపి, ఎర్తింగ్ తగిలించి, పది నిమిషాలు తేరుకోనివ్వాలి. సీళ్లు, కాంపార్టుమెంటు డిప్, డెన్సిటీ చూడాలి. చలాన్లో ఉన్న 15 డిగ్రీల డెన్సిటీకీ (15 డిగ్రీల వేడి దగ్గర లెక్కకట్టిన సాంద్రత), అదే వేడికి మార్చిన మీ కొలతకీ తేడా క్యూబిక్ మీటరుకి 3 కిలోలు దాటితే దించుకోవద్దు, ఎంత లైన్ ఉన్నా సరే. దించుతున్నంతసేపూ ఆ ట్యాంకు నాజిళ్లు ఆగాలి. దించాక అడుగున లేచిన మడ్డి మళ్లీ కూర్చోవడానికి కొంతసేపు వదిలి, నీళ్లు చూసి, అప్పుడు మొదలుపెట్టాలి. మొత్తం కలిపి గంట పైనే పడుతుంది. ఆ మాట లైన్లో చెప్పండి.

12 కిలోలీటర్ల లోడులో పెట్రోలు చాలాసార్లు ఒక్క కాంపార్టుమెంటే, అంటే 4,000 లీటర్లు. పరిమితి ఎత్తేస్తే పైన చెప్పిన లెక్కన అవి ఐదొందల ఫుల్ ట్యాంకులు. రెండో లోడుకి డబ్బు కట్టి, ఇండెంటు నంబరు చేతికి వచ్చి, లైన్ రోడ్డు మీద నుంచి బంకు ఆవరణలోకి తగ్గేదాకా బైకుకి 200 రూపాయల పరిమితి అలాగే ఉంచండి. తర్వాత 300 చేయండి. ఆ మర్నాడు పొద్దున్న డిప్, నాజిళ్ల టోటలైజర్ (మొత్తం అమ్మకం చూపే మీటరు) రీడింగు, చీటీల పుస్తకం మూడూ కలిశాయో లేదో చూసుకుని అప్పుడు బోర్డు తీయండి.