తోటి రచయితల పాటలతో ఆల్బమ్: అపోహలు - వాస్తవాలు

పాటల హక్కులు, రాయల్టీల లెక్కలు చూడటం నా పని. అమెరికాలోని టెక్సాస్ గాయకుడు, పాటల రచయిత లైల్ లవెట్ 1998లో తెచ్చిన ‘స్టెప్ ఇన్‌సైడ్ దిస్ హౌస్’ మాట వచ్చినప్పుడల్లా ఇవే వాదనలు వింటుంటాను. రెండు డిస్కులు, 21 ట్రాకులు. దాదాపు అన్నీ టెక్సాస్‌లోని తోటి రచయితల పాటలే.

అపోహ: సొంత సరుకు అయిపోతేనే పక్కవాళ్ళ పాటలు పాడతారు.

వాస్తవం: దీనికి ముందు ఆల్బమ్ ‘ది రోడ్ టు ఎన్సెనాడా’కి ఉత్తమ కంట్రీ (అమెరికా పల్లె బాణీ) ఆల్బమ్‌గా గ్రామీ అవార్డు వచ్చింది. అంత ఊపులో ఉన్నవాడికి సరుకు లేకపోవడమేమిటి?

అపోహ: ఎవరి పాటైనా డబ్బంతా పాడినవాడికే.

వాస్తవం: ఇది పచ్చి అబద్ధం. అమెరికాలో 1998లో చట్టం పెట్టిన రేటు ప్రకారం 5 నిమిషాల్లోపు పాటకి, అమ్ముడైన ప్రతి కాపీకి రచయిత వైపు 7.1 సెంట్లు వెళ్ళాలి. అలాంటివి 20 పాటలుంటే కాపీకి ఒక డాలరు 42 సెంట్లు. కంపెనీలు బేరమాడి తగ్గించుకుంటాయి, అది వేరే సంగతి. సొంత పాటలైతే ఆ వాటా గాయకుడికే వచ్చేది. అంటే ఇలాంటి ఆల్బమ్ చేసేవాడు రచయితగా తన ఆదాయం తనే వదులుకుంటున్నాడు. నన్నడిగితే అసలు మెచ్చుకోవాల్సింది దీన్నే.

అపోహ: డబ్బు కడితే చాలు, ఏ పాటైనా పాడేయొచ్చు.

వాస్తవం: సగమే నిజం. ఒకసారి అనుమతితో విడుదలైన పాటని, నిర్ణీత రేటు కట్టి ఎవరైనా రికార్డు చేయొచ్చు. మీ శైలికి తగ్గట్టు వాయించుకోవచ్చు కానీ అసలు బాణీని మార్చకూడదు. అయితే మొదటి విడుదలకి రచయిత ఒప్పుకోవాల్సిందే. ఈ ఆల్బమ్ పేరుకి మూలమైన పాట టెక్సాస్ రచయిత గై క్లార్క్ తొలినాళ్ళలో రాసింది, తను ఎప్పుడూ రికార్డుగా తేలేదు. అలాంటి పాట కావాలంటే నేరుగా అడగడమే దారి. మన దేశంలో రూలు ఇంకా గట్టిది: మొదటి రికార్డింగు జరిగిన ఏడాది ముగిశాక 5 ఏళ్ళు ఆగితేగాని చట్టబద్ధ లైసెన్సుతో కవర్ చేయలేం, అంటే ఆ పాటని మళ్ళీ మనం పాడి రికార్డు చేయలేం. యూట్యూబ్‌లో కవర్లు పెట్టేవాళ్ళలో ఎంతమందికి ఇది తెలుసో!

అపోహ: ఇలాంటివి పోయినవాళ్ళకి నివాళిగానే చేస్తారు.

వాస్తవం: ఈ ఆల్బమ్‌లో పాటలున్న రచయితల్లో వాల్టర్ హయట్ 1996లో విమాన ప్రమాదంలో, టౌన్స్ వాన్ జాంట్ 1997 జనవరి 1న చనిపోయారు, నిజమే. కానీ ఆల్బమ్ వచ్చేనాటికి గై క్లార్క్, రాబర్ట్ ఎర్ల్ కీన్, స్టీవెన్ ఫ్రోమ్‌హోల్జ్ బతికే ఉన్నారు. కొత్తగా వినేవాళ్ళు ఫ్రోమ్‌హోల్జ్ ‘టెక్సాస్ ట్రిలజీ’తో మొదలుపెట్టండి. టెక్సాస్‌లోని బాస్కీ కౌంటీ (మన జిల్లా లాంటిది) పల్లె బతుకు మీద మూడు పాటలు, వరసగా వినాలి. షఫుల్‌లో పెట్టకండి.