కోసే ముందు కొలతలు పంపండి

చిరంజీవులు మనవలిద్దరికీ తాతయ్య ఆశీస్సులు.

1972 నాటి షెవ్రొలే సీ10 పికప్ ట్రక్కు కొన్నారని, టెక్సస్‌లో మీ ఇంటి గ్యారేజీలోనే దాని పొడవు తగ్గిస్తారని మీ అమ్మ చెప్పింది. విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లు లారీ ఛాసిస్‌ల కింద పడుకున్నవాణ్ణి. ఆ మాట విన్నాక నిద్ర పట్టలేదు.

మీ బండికి ఇరుసుల మధ్య దూరం 127 అంగుళాలు, వెనుక సరుకు పెట్టె పొట్టిగా ఉండే రకానికి 115. అంటే మధ్యలో 12 అంగుళాలు పోవాలి. ఫ్రేమ్‌లో, అంటే బండిని మోసే ఇనుప చట్రంలో, తగ్గాల్సిన మిగతా పొడవు వెనుక ఇరుసు దాటాక తగ్గించాలి. కోత గంట పని. కొలవడానికి మాత్రం రెండు రోజులు కేటాయించండి.

కోతకు రెండు పక్కలా స్టాండ్లు పెట్టి ఫ్రేమ్‌ను సమంగా నిలపండి. ఫ్రేమ్‌కు పొడవునా ఉండే రెండు ఇనుప పట్టీల మీద ఎదురెదురు రంధ్రాల నుంచి గుండు కట్టిన దారం వదిలి, నేల మీద సుద్దతో గుర్తు పెట్టండి. మూల నుంచి మూలకు కొలిస్తే రెండు కొలతలూ ఒకటే రావాలి. కోసి అతికాక మళ్లీ కొలవండి. తేడా ఉంటే బండి పీతలా పక్కకు నడుస్తుంది.

వెదురు బద్దను రెండు ఇటుకల మీద పెట్టి మధ్యలో నొక్కి చూడండి. పై నార నొక్కుకుంటుంది, కింది నార సాగుతుంది. ఫ్రేమ్ పట్టీ పై అంచు, కింది అంచు పడే శ్రమ అదే. అందుకే నిలువుగా ఒకే గీతలో కోయకూడదు. మెట్టులా కోస్తే పై అతుకు, కింది అతుకు ఒకే చోట పడవు. అతుకు బలానికి లోపల వేసే ఇనుప పలక చివరలు ఏటవాలుగా ఉండాలి. ఒకసారి మా దగ్గరికి వచ్చిన లారీకి పలక చివర నిలువుగా వెల్డింగ్ చేశారు. సరిగ్గా దాని పక్కనే వెంట్రుకంత తుప్పు గీత కనిపించింది. గోటితో గీరితే పగులు కింది అంచు దాకా పాకి ఉంది.

వెల్డింగ్ మీరు చేయవద్దు నాన్నా, సర్టిఫికెట్ ఉన్నవారిని పిలవండి. సీటు వెనుక ఉన్న పెట్రోలు ట్యాంకును ముందే విప్పి దూరంగా పెట్టండి. ఖాళీదే కదా అనుకోవద్దు, లోపల మిగిలిన ఆవిరికి ఒక్క నిప్పురవ్వ చాలు. బ్యాటరీ తీగలు ఊడదీయండి. బ్రేకు గొట్టాలు, వైర్లు కోత దగ్గర నుంచి తప్పించండి. ఇంజను తిప్పుడును వెనుక ఇరుసుకు అందించే ప్రొపెల్లర్ షాఫ్ట్‌ను షాపులోనే పొట్టి చేయించి బ్యాలెన్స్ చేయించండి.

సుద్ద గుర్తులు, కొలతలు కాగితం మీద రాసి ఫోటో పంపండి. నేను చూసి ఫోను చేసేదాకా గ్రైండర్ ముట్టుకోవద్దు.

మీ తాతయ్య