పిల్లల స్టేజీ మీదికి పెద్దల పాట ఎలా వచ్చింది

డిసెంబర్ వచ్చిందంటే చాలా ప్రైవేటు స్కూళ్లలో పాఠాలు మధ్యాహ్నం దాకానే. ఆ తర్వాత యాన్యువల్ డే ప్రాక్టీసు. యూకేజీ గదిలో బెంచీలు గోడవారకు నెట్టేస్తారు. బయటి నుంచి పిలిపించిన డ్యాన్స్ మాస్టర్ బ్లూటూత్ స్పీకర్ పెడతాడు. పాట దాదాపు ఎప్పుడూ ఆ ఏడాది మోత మోగిన మాస్ పాటే. నడుం తిప్పే చోట ఒక పిల్ల సిగ్గుపడి ఆగిపోతే "ఏయ్, ఎక్స్‌ప్రెషన్!" అని మాస్టర్ కేక. ఫంక్షన్ అయ్యాక పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒకరు అడుగుతారు, ఐదేళ్ల పిల్లలకు ఈ పాటేమిటండీ అని. వెంటనే ఇంకొకరు, వాళ్లకేం అర్థమవుతుంది, సరదాగా గంతులేశారు అంటారు. రెండు స్మైలీలతో చర్చ ముగుస్తుంది. మళ్లీ ఏడాదికి మొదలు.

ఈ తగాదా రీల్స్ వచ్చాక పుట్టిందని చాలామంది అనుకుంటారు. కాదు. జనం చెవిన ఏ పాట పడాలన్న గొడవ మన దేశంలో ఏకంగా కేంద్ర మంత్రి స్థాయిలోనే నడిచింది.

బి.వి. కేస్కర్ 1952లో సమాచార, ప్రసార శాఖ మంత్రి అయ్యారు. శాస్త్రీయ సంగీతం అంటే ఆయనకు ప్రాణం, సినిమా పాటంటే ఏవగింపు. అది చవకబారుదని, జనం అభిరుచిని పాడుచేస్తోందని ఆయన నమ్మకం. ఆకాశవాణిలో సినిమా పాటల వాటా బాగా తగ్గించారు. నిర్మాతలతో పేచీ వచ్చి చివరికి ఆ పాటలు రేడియోలో దాదాపు వినబడకుండా పోయాయి. శ్రోతలు ఏం చేశారు? సూదిని సిలోన్ (నేటి శ్రీలంక) వైపు తిప్పుకున్నారు. అదే ఏడాది చివర్లో రేడియో సిలోన్‌లో అమీన్ సయానీ గొంతుతో సినిమా పాటల కార్యక్రమం బినాకా గీత్‌మాలా మొదలై దేశమంతా పాకింది. ఐదేళ్లు చూసి ప్రభుత్వం మెట్టు దిగింది. 1957 అక్టోబర్ 3న వివిధభారతి పెట్టి సినిమా పాటకు మళ్లీ పీట వేసింది. అప్పటి నుంచి నిషేధం అన్నమాట ఎత్తినవాళ్లకల్లా ఎదుటివాళ్లు కేస్కర్ కథే గుర్తుచేస్తారు. అందులో న్యాయం లేకపోలేదు.

అదే ఆకాశవాణి పిల్లల కోసం చేసిన పనిని మాత్రం ఈ చర్చలో ఎవరూ తలవరు. మద్రాసు కేంద్రంలో న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు పిల్లల కార్యక్రమం నడిపారు. తెలుగునాట వాళ్లు రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య. 1945లో 'బాల' పత్రిక పెట్టారు, ఆంధ్ర బాలానంద సంఘం స్థాపించారు, ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక హైదరాబాద్ వచ్చి ఆ పని కొనసాగించారు. బాలానందం అంటే పిల్లలు విని ఊరుకునే కార్యక్రమం కాదు, వాళ్లే వచ్చి పాడేది. వాళ్ల గొంతుకు, వాళ్ల వయసుకు సరిపడే గేయాలు రాయించడం, బాణీ కట్టడం, నేర్పించడం ఒక పనిగా జరిగింది. కేస్కర్ ఒకటి ఆపాలని చూశారు, అన్నయ్య అక్కయ్యలు ఇంకొకటి ఇచ్చారు. రెండోది ఎక్కువకాలం నిలిచింది. ఇవాళ యాన్యువల్ డేకి పాట వెతుక్కునే టీచరు ముందు అలాంటి కొత్త పిల్లల పాట ఎన్ని ఉన్నాయి? ఉన్నవి చందమామ రావే, చిట్టి చిలకమ్మా, చెమ్మచెక్క. అవి ఎల్‌కేజీకి సరే. మూడో తరగతి పిల్లలు అవి ఆడమంటే మొహం మాడ్చుకుంటారు. ఈ ఖాళీలోకే సినిమా పాట నడిచి వచ్చింది.

అది ఒక్క రోజులో రాలేదు. ఒకప్పటి స్కూలు వార్షికోత్సవమంటే ఏకపాత్రాభినయం, కోలాటం, దేశభక్తి గేయం, హార్మోనియం పక్కన కూర్చున్న తెలుగు మాస్టారు. పాడేది పిల్లలే. టేప్ రికార్డర్ వచ్చాక పాడే అవసరం పోయింది. క్యాసెట్టు పాడుతుంది, పిల్లలు ఆడతారు. దీన్ని మనవాళ్లు రికార్డింగ్ డ్యాన్స్ అనేవాళ్లు. అంతకుముందే జాతర్లలో అర్ధరాత్రి స్టేజీల మీద నడిచే వినోదానికి ఉన్న పేరది. ఆ పేరుకున్న మకిలి వదిలించుకోవడానికి కాబోలు, స్కూళ్లు దాన్ని 'కల్చరల్స్' అన్నాయి.

సినిమా పాట అనగానే తప్పు అనడానికీ లేదు. 'మా తెలుగు తల్లికి మల్లెపూదండ' శంకరంబాడి సుందరాచారి 1942లో సినిమా కోసం రాసినదే. టంగుటూరి సూర్యకుమారి పాడిన రికార్డుతో జనంలోకి వెళ్లి బళ్లలో ప్రార్థనాగీతం అయ్యింది. ఎక్కాలను, గుణింతాలను హిట్ పాట బాణీలో కట్టి నేర్పే టీచర్లు ఇప్పటికీ ఉన్నారు. అయ్యప్ప భజనల్లో సగం బాణీలు ఎక్కడివో మనకు తెలియనిదా! బాణీ తెచ్చుకోవడం ఒకటి, సాహిత్యంతో పాటు ఆ స్టెప్పునీ ఆ చూపునీ కూడా దించుకోవడం ఇంకొకటి.

సంప్రదాయం వైపు వాళ్లు కూడా కాస్త నెమ్మదించి మాట్లాడాలి. మోహన రాగంలో 'నిన్నుకోరి' వర్ణం సంగీతం నేర్చుకునే పిల్లలందరూ మొదటి రెండు మూడేళ్లలోనే పాడేస్తారు. రామనాథపురం శ్రీనివాస అయ్యంగార్ రచన. అందులో నాయిక తన నాయకుణ్ణి కోరి ఉన్నానంటుంది, మన్మథుడి బాణాల బాధ ఓర్వలేనంటుంది. ఎనిమిదేళ్ల పిల్ల ఆ మాటలు పాడితే ఎవరికీ అభ్యంతరం లేదు. వినేవాళ్ల ధ్యాసంతా గాంధారం సరిగ్గా పలికిందా లేదా అన్నదాని మీదే. అయితే ఇక్కడే గమనించాల్సింది ఒకటుంది. అభినయం దగ్గరికి వచ్చేసరికి గురువులు ఒక వరస పాటించారు. నాట్యంలో చిన్నపిల్లలకు జతిస్వరం, శబ్దం, కీర్తన ముందు. క్షేత్రయ్య పదాలూ జావళీలూ బాగా తర్వాత. శృంగారం నిండిన సాహిత్యం చేతిలో పెట్టుకుని కూడా, దాన్ని ఒంటి మీద ఆడించడానికి ఒక వయసు రావాలనుకున్నారు. ఈ నియమాన్ని ఏ ప్రభుత్వమూ పెట్టలేదు.

పాటకు స్టిక్కరు అంటించే ఆలోచన మాత్రం అమెరికాది. దాని మూలం కూడా ఒక ఇంట్లో పిల్ల విన్న పాటే. సెనేటర్ అల్ గోర్ భార్య టిప్పర్ గోర్ తన పదకొండేళ్ల కూతురికి పాప్ గాయకుడు ప్రిన్స్ 'పర్పుల్ రెయిన్' ఆల్బమ్ కొనిచ్చింది. అందులో పచ్చి శృంగారం ఉన్న 'డార్లింగ్ నిక్కీ' పాట వినగానే ఉలిక్కిపడింది. 1985లో ఆమె, సుసాన్ బేకర్, మరికొందరు రాజకీయ నాయకుల భార్యలు కలిసి పేరెంట్స్ మ్యూజిక్ రిసోర్స్ సెంటర్ పెట్టారు. ఆ సెప్టెంబర్ 19న సెనేట్ కమిటీ విచారణ జరిపింది. రాక్ సంగీతకారుడు ఫ్రాంక్ జప్పా వచ్చి ఇది చుండ్రు పోవడానికి తల నరికినట్టుందన్నాడు. అంతకన్నా చిక్కు ప్రశ్న గాయకుడు జాన్ డెన్వర్ తెచ్చాడు. కొండల మీద కలిగిన ఆనందం గురించి తాను రాసిన 'రాకీ మౌంటెన్ హై'ని మత్తుమందుల పాట అనుకుని కొన్ని రేడియో స్టేషన్లు ఆపేశాయి. పాటకు అర్థం తేల్చేదెవరు అన్నది అతని ప్రశ్న.

కంపెనీలు ఆ నవంబర్‌లోనే లేబుల్‌కు ఒప్పుకున్నాయి. 1990లో ఇప్పుడు మనందరికీ తెలిసిన నలుపు తెలుపు 'పేరెంటల్ అడ్వైజరీ' ముద్ర వచ్చింది. లేబుల్ ఉన్న ఆల్బమ్‌లు మేం అమ్మం అని వాల్‌మార్ట్ లాంటి దుకాణాలు భీష్మించడంతో బూతు తీసేసిన 'క్లీన్' వెర్షన్లు మార్కెట్లోకి దిగాయి. దాని కొనసాగింపే 2001లో మొదలైన కిడ్జ్ బాప్. పెద్దల హిట్ పాటలను పిల్లల చేత పాడించి, అభ్యంతరమైన మాటల చోట వేరే మాటలు పెట్టి అమ్మే వ్యాపారం. మాట మారుతుంది, పాట ఏ సంగతి చెబుతోందో అది చాలాసార్లు అలాగే ఉంటుంది.

మన దగ్గర ఈ పద్ధతి ఎందుకు పనికిరాదో ఒక్క పాట చూస్తే చాలు. 2024 సంక్రాంతికి వచ్చిన 'గుంటూరు కారం'లో కుర్చీ పాట పల్లవి ఎక్కడిది? అంతకుముందు యూట్యూబ్‌లో ఒక పెద్దాయన కోపంతో అన్న మాటది. మీమ్స్‌లో తిరిగి తిరిగి ఊరూరా తెలిసింది. ఆయన వాక్యం చివర బూతు ఉంది. పాటలో అది లేదు. లేని ఆ మాట అందరికీ తెలుసు, తెలుసు కాబట్టే ఆ పల్లవికి ఆ ఊపు. అమెరికా కొలత ప్రకారం అది క్లీన్ పాట. ఒకటో తరగతి పిల్లలు స్టేజీ మీద కుర్చీలు పట్టుకుని దానికి ఆడితే ముందు వరసల్లో పెద్దలు ఎందుకు నవ్వుతారో ఏ స్టిక్కరూ చెప్పదు. తెలుగు పాటలో పెద్దల సరుకు ఎక్కువగా ఉండేది తిట్టులో కాదు, రెండర్థాల్లో, నడుం దగ్గర, కెమెరా చూపులో. బీప్ వేయడానికి అక్కడ ఏమీ దొరకదు.

వాళ్లకేం అర్థమవుతుంది అన్న వాదన నాకు బలహీనంగా కనిపించేది ఇక్కడే. నిజమే, ఐదేళ్ల పిల్లకు మాట అర్థం కాదు. ఏ స్టెప్పు దగ్గర ఈలలు పడ్డాయో మాత్రం బాగా అర్థమవుతుంది. ఇంటికొచ్చి చుట్టాల ముందు మళ్లీ అదే స్టెప్పు వేస్తుంది. అమెరికాలో పుట్టి తెలుగు అంతంతమాత్రంగా వచ్చిన పిల్లలు ఉగాది, సంక్రాంతి వేడుకల్లో ఐటమ్ సాంగ్‌కి ఆడుతుంటే కింద కూర్చున్న తల్లిదండ్రులకు ప్రతి ముక్కా తెలుస్తూనే ఉంటుంది. వాళ్లలో చాలామంది ఇంట్లో ఇంగ్లిష్ పాటకు మాత్రం 'ఎక్స్‌ప్లిసిట్' ఫిల్టర్ పెట్టి ఉంటారు.

ఇక్కడ ప్రభుత్వాలకు పట్టింది మొదట టీవీ. డ్యాన్స్, పాటల పోటీల్లోకి పిల్లలు వెల్లువగా వచ్చాక 2010-11లో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ మార్గదర్శకాలు తయారుచేసింది. 2019 జూన్ 18న కేంద్ర సమాచార, ప్రసార శాఖ ప్రైవేటు చానళ్లకు సూచన పంపింది. సినిమాల్లో పెద్దలు వేసిన స్టెప్పులనే పసిపిల్లల చేత వేయిస్తున్నారని, అవి వాళ్ల వయసుకు తగనివని, పిల్లలను అసభ్యంగా చూపవద్దని అందులో సారాంశం. యాన్యువల్ డే గురించి వాట్సాప్‌లో అడిగే తల్లి మాటలు దాదాపు అవే. కాకపోతే ఆ కాగితం వెళ్లింది చానళ్లకు, స్కూళ్లకు కాదు.

2024 నవంబర్‌లో వ్యవహారం హైదరాబాద్ చేరింది. పంజాబీ గాయకుడు దిల్‌జీత్ దొసాంజ్ కచేరీ 15న. దానికి ముందు రంగారెడ్డి జిల్లా సంక్షేమ అధికారి నోటీసు ఇచ్చారు. మద్యం, మత్తు, హింసను పొగిడే పాటలు వద్దు, పెద్ద శబ్దాల మధ్యకు పిల్లలను స్టేజీ ఎక్కించవద్దు. దిల్‌జీత్ ఏం చేశాడంటే, ఒక పాటలో దారూ (మద్యం) అన్న చోట కోక్ అని పాడాడు. అచ్చంగా కిడ్జ్ బాప్ కిటుకు. జనం మాత్రం పాత మాటే పాడుకున్నారనడంలో నాకు సందేహం లేదు. రెండు రోజుల తర్వాత అహ్మదాబాద్‌లో, అన్ని రాష్ట్రాలూ మద్యం ఆపితే నేనూ ఆ పాటలు ఆపేస్తానని ఎదురు సవాలు విసిరాడు. అందులోనూ పాయింటుంది.

2025 మొదట్లో 'డాకు మహారాజ్', 'రాబిన్‌హుడ్' పాటల స్టెప్పుల మీద దుమారం రేగింది. మార్చిలో తెలంగాణ మహిళా కమిషన్ సినిమావాళ్లకు సూచన జారీచేసింది. స్త్రీలను కించపరిచే స్టెప్పులు మానాలని, పిల్లల మీదా యువత మీదా సినిమా ప్రభావాన్ని దృష్టిలో పెట్టుకోవాలని కోరింది. ఈసారీ చిరునామా దర్శకులు, నిర్మాతలు, కొరియోగ్రాఫర్లదే.

సెన్సార్ ఉంది కదా అంటారు. 2023 సవరణతో సినిమాటోగ్రాఫ్ చట్టంలో యూఏను (పెద్దల తోడుతో పిల్లలు చూడదగ్గ సినిమాల సర్టిఫికెట్) 7+, 13+, 16+ అని మూడు ముక్కలు చేశారు. మంచిదే. కానీ ఆ సర్టిఫికెట్ సినిమాకు. పాట లిరికల్ వీడియోగా ఫోన్లోకి వచ్చేది విడుదలకు వారాలు, నెలలు ముందు. సంక్రాంతి సినిమా సెన్సార్ నుంచి బయటికి వచ్చేసరికి డిసెంబర్ ప్రాక్టీసులో పిల్లలకు స్టెప్పులు ఒంటికి పట్టేసి ఉంటాయి. డ్రెస్సులు అద్దెకు చెప్పేసి ఉంటారు, తల్లిదండ్రుల దగ్గర డబ్బులు వసూలై ఉంటాయి. అప్పుడు పాట మార్చమని అడిగితే ప్రిన్సిపాల్‌కు టెన్షన్, మాస్టర్‌కు కోపం, పిల్లకు ఏడుపు.

కాబట్టి అసలు నిర్ణయం జరిగేది అక్టోబర్ చివరనో నవంబర్ మొదటివారంలోనో, డ్యాన్స్ మాస్టర్ పెన్ డ్రైవ్ తెచ్చి "ఇవి ట్రెండింగ్ మేడమ్" అన్న రోజున. ఆయనకు కావాల్సింది చప్పట్లు, వచ్చే ఏడాది కాంట్రాక్టు. క్లాస్ టీచర్‌కు అభ్యంతరం ఉన్నా చాలా చోట్ల ఆమె మాటకు బలం తక్కువ. ఉన్న కాగితాల్లో చానల్‌కు ఒకటి, నిర్మాతకు ఒకటి, కచేరీకి ఒకటి వెళ్లాయి. నేను పైన చెప్పినవాటిలో ఏదీ ఆ రోజు ఆ గదిలోకి వెళ్లేది కాదు. పాటల జాబితా తల్లిదండ్రులకు ముందే పంపి, అభ్యంతరాలుంటే వారంలో చెప్పమనే స్కూళ్లూ లేకపోలేదు. వాటిలో గొడవ స్టేజీ దాకా రాకముందే తేలిపోతుంది. కొన్నిసార్లు ఆ జాబితాకు "ఇంకా మాస్ పాట పెట్టండి సార్" అని జవాబు పెట్టేదీ తల్లిదండ్రులే.