రొమ్ము ఇంప్లాంట్ పగిలితే తెలిసేదెలా: అరవై ఏళ్ల నేపథ్యం

నెల్లూరు, తిరుపతి, చిత్తూరు వైపు కుటుంబాల్లో ఎవరికైనా పెద్ద జబ్బు వచ్చిందంటే ముందుగా తలచుకునేది చెన్నైనే. రొమ్ము క్యాన్సర్ చికిత్సకు అడయార్ క్యాన్సర్ ఆసుపత్రికో మరో పెద్దాసుపత్రికో వచ్చి, తీసేసిన రొమ్ము స్థానంలో సిలికాన్ ఇంప్లాంట్ పెట్టించుకుని ఊరికి తిరిగి వెళ్లే స్త్రీలు వాళ్లలో కొందరు. జబ్బేమీ లేకపోయినా, రొమ్ములు చిన్నవిగా ఉన్నాయనో, రెండూ సమానంగా లేవనో ఇక్కడి ప్లాస్టిక్ సర్జన్ల దగ్గర ఆపరేషన్ చేయించుకునేవాళ్లు మరికొందరు. చెన్నైలో స్త్రీలకు వచ్చే క్యాన్సర్లలో రొమ్ము క్యాన్సర్‌దే మొదటి స్థానమని ఈ రోజు కచ్చితంగా చెప్పగలుగుతున్నామంటే, 1982 నుంచి ఈ నగరంలో కేసులను నమోదు చేస్తూ వస్తున్న క్యాన్సర్ రిజిస్ట్రీయే అందుకు ఆధారం. శరీరంలో అమర్చిన రొమ్ము ఇంప్లాంట్లకు మాత్రం అటువంటి తప్పనిసరి నమోదు మన దేశంలో లేదు. ఎవరికి ఏ కంపెనీది పెట్టారు, ఏ సంవత్సరం పెట్టారు అన్నది ఆ స్త్రీ దాచుకున్న కాగితాల్లో ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టే. అది లోపల ఇంకా చెక్కుచెదరకుండా ఉందా అన్నది ఆ కాగితాలు కూడా చెప్పలేవు.

ఇంప్లాంట్ అంటే సిలికాన్ రబ్బరుతో చేసిన ఒక సంచి. లోపల సిలికాన్ జెల్ గానీ సెలైన్ గానీ ఉంటుంది. పైపొరకు చిల్లు పడినా చిరుగు వచ్చినా ఇంప్లాంట్ పగిలిందంటారు. సెలైన్ రకం పగిలితే దాగేదేమీ ఉండదు. ఉప్పునీరు శరీరంలో ఇంకిపోయి, సాధారణంగా కొద్ది రోజుల్లోనే ఆ వైపు రొమ్ము కుంగిపోతుంది. జెల్ సంగతి వేరు. ఏ పరాయి వస్తువు లోపలికి వచ్చినా శరీరం దాని చుట్టూ పీచులాంటి కణజాలంతో ఒక తొడుగు అల్లుకుంటుంది. వైద్యులు దాన్ని క్యాప్సూల్ అంటారు. ఇంప్లాంట్ పైపొర చిరిగినా జెల్ ఈ తొడుగు లోపలే నిలిచిపోతే రొమ్ము ఆకారం మారకపోవచ్చు, నొప్పి ఉండకపోవచ్చు, చేత్తో పరీక్షించిన సర్జన్‌కు సైతం దొరకకపోవచ్చు. తొడుగును కూడా దాటితే జెల్ చుట్టుపక్కల కణజాలంలోకి, ఒక్కోసారి చంకలోని లింఫ్ గ్రంథుల్లోకి చేరి గడ్డలా చేతికి తగులుతుంది. ఒకసారి క్యాన్సర్‌ను దాటి వచ్చిన స్త్రీకి చంకలో గడ్డ కనిపిస్తే ఆ ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టదు. అది జబ్బు తిరగబెట్టడమా, కారిన సిలికానా అన్నది తేలడానికి మళ్లీ స్కానింగులు, అవసరమైతే బయాప్సీ తప్పవు.

పగలడానికి పెద్ద ప్రమాదమే జరగాలని లేదు. బీరువాలో ఏళ్ల తరబడి ఒకే మడతలో ఉంచిన పట్టుచీర ఆ మడత దగ్గరే చినిగినట్టు, లోపల ముడత పడిన చోట పైపొర రాపిడికి అరిగి అక్కడే చిరుగుతుంది. ఆపరేషన్‌లో సూది మొన తగిలి పడిన చిన్న గాటు తరువాతెప్పుడో పెద్దది కావచ్చు. క్యాప్సూల్ బిగుసుకుపోవడం, ఛాతీకి గట్టి దెబ్బ తగలడం కూడా కారణాలే. ఇంప్లాంట్ వయసు పెరిగేకొద్దీ పగిలే అవకాశం పెరుగుతుందన్నది మాత్రం అన్ని రకాలకూ వర్తిస్తుంది. ఒకసారి పెట్టించుకుంటే జీవితాంతం ఉంటుందని ఎవరైనా చెబితే ఆ మాటను నమ్మవలసిన పని లేదు.

మొదటి సిలికాన్ జెల్ ఇంప్లాంట్‌ను 1962లో అమెరికాలోని హ్యూస్టన్‌లో థామస్ క్రోనిన్, ఫ్రాంక్ జెరో అనే సర్జన్లు డౌ కార్నింగ్ కంపెనీ తయారీతో ఒక మహిళకు అమర్చారు. (అంతకు ముందు దాన్ని ఎస్మెరాల్డా అనే కుక్కలో పెట్టి చూశారు. ప్రపంచమంతటా లక్షల మంది శరీరాల్లోకి వెళ్లబోయే వస్తువుకు అది ఎంత పలుచని పునాదో ఇప్పుడు ఆలోచిస్తే ఆశ్చర్యం కలుగుతుంది.) అంతకు ముందరి దశాబ్దాల్లో పారాఫిన్ మైనాన్ని, తరువాత ద్రవ సిలికాన్‌ను నేరుగా రొమ్ములోకి ఎక్కించిన పద్ధతులు గడ్డలు, పుండ్లు మిగిల్చి ఉండటంతో, జెల్‌ను ఒక సంచిలో బంధించడం అప్పటికి పెద్ద మెరుగుగానే కనిపించింది. ఆ తొలి ఇంప్లాంట్ల పైపొర మందంగా, జెల్ చిక్కగా ఉండేవి.

1970ల్లో వచ్చిన మార్పు ఈ కథలో అసలు మలుపు. చేతికి మరింత సహజంగా, మెత్తగా తగలాలన్న కోరికతో కంపెనీలు పైపొరను బాగా పలచన చేసి, జెల్‌ను జారుడుగా మార్చాయి. అవి పెట్టిన రోజున మెత్తగానే ఉన్నాయి గానీ ఏళ్లు గడిచేకొద్దీ ఎక్కువగా పగిలాయి, పగలకపోయినా పైపొర గుండా సిలికాన్ సన్నగా ఊరుతూ ఉండేది. అదే కాలంలో క్యాప్సూల్ బిగుసుకుని రొమ్ము గట్టిపడితే కోత లేకుండా, సర్జన్ రెండు చేతులతో రొమ్మును బలంగా నొక్కి ఆ తొడుగును చిట్లించే పద్ధతి ప్రచారంలోకి వచ్చింది. తొడుగుతో పాటు లోపలి ఇంప్లాంట్ కూడా చిట్లే ప్రమాదం అందులోనే ఉంది. తరువాతి కాలంలో తయారీదారులే ఇది చేయవద్దని హెచ్చరికలు రాయవలసి వచ్చింది.

ఇంత జరుగుతున్నా రుజువులు అడిగే అధికారి లేడు. అమెరికా 1976లో వైద్య పరికరాలను తన ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పర్యవేక్షణ కిందికి తెచ్చే చట్టం చేసినప్పుడు, అప్పటికే అమ్మకంలో ఉన్న రొమ్ము ఇంప్లాంట్లను ఉన్నవి ఉన్నట్టు కొనసాగనిచ్చింది. 1988లో వాటిని అత్యధిక ప్రమాదం గల వర్గంలో చేర్చి, భద్రతకు ఆధారాలు చూపమని కంపెనీలను అడిగింది. చూపినవి చాలవంటూ 1992లో అప్పటి ఎఫ్‌డీఏ కమిషనర్ డేవిడ్ కెస్లర్ జెల్ ఇంప్లాంట్ల వాడకాన్ని ఆపించి, తరువాత క్యాన్సర్ వంటి కారణాలతో పునర్నిర్మాణం అవసరమైనవారికీ, అధ్యయనాల్లో చేరినవారికీ మాత్రమే పరిమితం చేశారు. ఇంప్లాంట్ల వల్ల జబ్బుపడ్డామంటూ స్త్రీలు వేసిన దావాల బరువుకు డౌ కార్నింగ్ 1995లో దివాలా రక్షణ కోరింది.

ఆ కోర్టుల కాలంలో చర్చంతా సిలికాన్ వల్ల కీళ్లవాతం, లూపస్ లాంటి జబ్బులు వస్తాయా అన్న ప్రశ్న చుట్టూ తిరిగింది. 1999లో అమెరికా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ నివేదిక అటువంటి సంబంధానికి ఆధారం లేదని తేల్చింది. పత్రికలు పట్టుకున్నది ఆ ఒక్క వాక్యాన్నే. అదే నివేదిక, అసలు సమస్య పగలడం, బిగుసుకుపోవడం, మళ్లీ మళ్లీ ఆపరేషన్లు చేయవలసి రావడం వంటి స్థానిక ఇబ్బందులేనని చెప్పిన సంగతి వెనక్కి పోయింది. మరుసటి ఏడాదే, 2000లో, అలబామా రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్ పరిసరాల్లో 344 మంది స్త్రీలకు ఎమ్మారై తీసి ఎఫ్‌డీఏ పరిశోధకులు చేసిన అధ్యయనం వెలువడింది. వాళ్లు ఏదో ఇబ్బంది ఉందని ఆసుపత్రికి వచ్చినవాళ్లు కారు. పరిశీలించిన 687 ఇంప్లాంట్లలో సగానికి పైగా, అంటే 55 శాతం, పగిలి ఉన్నట్టు కనిపించాయి. పగిలే నాటికి ఇంప్లాంట్ వయసు మధ్యస్థంగా 10.8 ఏళ్లని లెక్క తేలింది. అవి పాత తరం ఇంప్లాంట్లు, ఈనాటి చిక్కని జెల్ రకాలకు ఆ శాతాన్ని యథాతథంగా అంటగట్టడం సరికాదు. అయినా ఇంప్లాంట్ పగిలినట్టు అది పెట్టించుకున్న మనిషికే తెలియకుండా ఏళ్లు గడిచిపోగలవని ఇంత స్పష్టంగా చూపిన అధ్యయనాలు తక్కువ.

అందుకే 2006లో జెల్ ఇంప్లాంట్లను తిరిగి అనుమతించినప్పుడు ఎఫ్‌డీఏ ఒక షరతు లాంటి సలహా జోడించింది: ఆపరేషన్ అయిన మూడేళ్లకు ఒకసారి, ఆ తరువాత రెండేళ్లకొకసారి ఎమ్మారై తీయించుకోవాలి. ఖర్చు వల్ల దాన్ని పాటించినవారు తక్కువ. 2020లో ఆ సలహాను సడలించి, ఐదారేళ్లకు మొదటి పరీక్ష, తరువాత రెండు మూడేళ్లకొకసారి చాలని, ఎమ్మారై బదులు అల్ట్రాసౌండ్ అయినా ఫరవాలేదని మార్చింది. నిశ్శబ్దంగా పగిలిన ఇంప్లాంట్‌ను పట్టుకోవడంలో ఇప్పటికీ ఎమ్మారైదే పైచేయి. ముడుచుకుపోయి జెల్‌లో తేలుతున్న పైపొర అందులో వంకర గీతల్లా కనబడుతుంది. ఇక్కడ మన రోగులు గమనించవలసిన తేడా ఒకటుంది. క్యాన్సర్ కోసం రంగు ఎక్కించి తీసే రొమ్ము ఎమ్మారై వేరు, ఇంప్లాంట్ చెక్కుచెదరకుండా ఉందా లేదా చూడటానికి తీసేది వేరు. రెండోదానికి రంగు అక్కర్లేదు గానీ సిలికాన్‌ను విడిగా చూపే పద్ధతిలో తీయాలి. చీటీలో ఆ సంగతి రాయించుకోకపోతే డబ్బు ఖర్చవుతుంది, ప్రశ్న అలాగే మిగులుతుంది.

రికార్డు లేకపోతే ఏమవుతుందో ఐరోపా 2010లో చూసింది. ఫ్రాన్స్‌లోని పీఐపీ కంపెనీ వైద్య అవసరాలకు అనుమతి పొందిన జెల్‌కు బదులు చవకైన పారిశ్రామిక సిలికాన్ నింపుతున్నదని ఆ ఏడాది మార్చిలో తనిఖీల్లో బయటపడింది. అవి మామూలు కంటే ఎక్కువగా పగులుతున్నాయన్న ఫిర్యాదులే ఆ తనిఖీకి దారి తీశాయి. ప్రపంచవ్యాప్తంగా దాదాపు మూడు లక్షల మంది స్త్రీలకు అవి అమర్చినట్టు అంచనా. 2011 డిసెంబరులో ఫ్రెంచి ప్రభుత్వం తమ దేశంలోని సుమారు 30,000 మందిని వాటిని తీయించుకోమని సూచించింది. కంపెనీ స్థాపకుడు జాన్ క్లోడ్ మాస్‌కు 2013లో నాలుగేళ్ల జైలు శిక్ష పడింది. బ్రిటన్ పరిస్థితి మరీ ఇబ్బందికరం: 1993లో మొదలుపెట్టిన ఇంప్లాంట్ రిజిస్ట్రీని 2006లో మూసేసింది, నాలుగేళ్లకే దాని అవసరం పడింది. 2016లో మళ్లీ తెరిచారు.

మన దేశానికి ఈ పాఠం రొమ్ము నుంచి కాక తుంటి ఎముక నుంచి వచ్చింది. లోపాలున్నాయని 2010లో ప్రపంచమంతటా వెనక్కి తీసుకున్న ఏఎస్ఆర్ తుంటి ఇంప్లాంట్లతో భారత్‌లో సుమారు 4,700 ఆపరేషన్లు జరిగితే, వాళ్లలో మూడు వేల మందికి పైగా ఆచూకీ లేదని కేంద్రం వేసిన నిపుణుల కమిటీ తేల్చింది. వైద్య పరికరాల వల్ల కలిగే హానిని నమోదు చేసేందుకు 2015లో మెటీరియోవిజిలెన్స్ కార్యక్రమం మొదలైంది, 2018 జనవరి 1 నుంచి మెడికల్ డివైజెస్ రూల్స్ అమల్లోకి వచ్చాయి. మొదటిది హాని జరిగాక, అదీ ఎవరో ఒకరు తెలియజేస్తే కదులుతుంది. చప్పుడు లేకుండా పగిలిన ఇంప్లాంట్‌ను తెలియజేసేదెవరు?

2018 ఫిబ్రవరిలో తమిళనాడు ప్రభుత్వం చెన్నై స్టాన్లీ ఆసుపత్రిలో పేదలకు రొమ్ము ఇంప్లాంట్లు ఉచితంగా పెడతామని ప్రకటించినప్పుడు దేశంలోనే కాదు, బయట కూడా వార్త అయింది. అందం ధనికులకేనా అని అప్పటి ఆరోగ్య మంత్రి సి. విజయభాస్కర్ వాదించగా, ప్రాణాలు కాపాడే చికిత్సలకు వెచ్చించవలసిన సొమ్మని ప్రజారోగ్య నిపుణులు అభ్యంతరం చెప్పారు. మంత్రి వాదనలో న్యాయం లేకపోలేదు, అప్పు చేసి ఆపరేషన్ చేయించుకునే పరిస్థితి ఎవరికీ రాకూడదు. అయితే ఉచితంగా పెట్టిన ఇంప్లాంట్‌కు ఆరో ఏట స్కానింగ్, పదిహేనో ఏట మార్పిడి ఎవరి ఖాతాలో పడతాయన్నది ఇరుపక్షాలూ గట్టిగా అడగవలసిన ప్రశ్న. ప్రైవేటు ఆరోగ్య బీమా కూడా కేవలం అందం కోసం చేసే శస్త్రచికిత్సను మినహాయిస్తుంది. ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ తరువాతి పునర్నిర్మాణానికి మాత్రం ఆ మినహాయింపు వర్తించదు.

పగిలినట్టు తేలితే సాధారణంగా ఇంప్లాంట్‌ను తీసేస్తారు, కావాలనుకుంటే కొత్తది పెడతారు. తొడుగు లోపలే ఉన్న జెల్‌ను శుభ్రం చేయడం తేలిక. కణజాలంలోకి పాకిన జెల్‌ను మొత్తం తీయడం ఒక్కోసారి సాధ్యపడదు. కారిన జెల్ క్యాన్సర్‌ను తెస్తుందన్న భయానికి ఆధారం లేదు. గరుకు పైపొర గల ఇంప్లాంట్లతో అరుదుగా వచ్చే ఒక రకం లింఫోమా (రోగనిరోధక కణాల క్యాన్సర్) ఉంది, అలర్గాన్ కంపెనీ 2019లో బయోసెల్ రకాన్ని వెనక్కి తీసుకున్నది అందుకే. అది పగలడంతో ముడిపడిన సమస్య కాదు.

తిరిగి కాగితాల దగ్గరికి వస్తే, 2002 నాటి వైద్య మండలి నిబంధనల ప్రకారం ఆసుపత్రిలో చేరిన రోగి రికార్డును వైద్యుడు చికిత్స మొదలైన నాటి నుంచి మూడేళ్లు భద్రపరిస్తే చాలు. మొదటి స్కానింగ్ సలహా ఇచ్చేదే ఐదారేళ్లకు. బర్మింగ్‌హామ్ లెక్కలో పగిలే నాటి వయసు మధ్యస్థంగా పదేళ్లు దాటింది. అంటే రికార్డు అవసరమయ్యే నాటికి దాన్ని ఉంచవలసిన బాధ్యత ఈ నిబంధనల ప్రకారం వైద్యుడికి ఉండదు. అదే నిబంధనలు, రోగి అడిగితే 72 గంటల్లో రికార్డు ప్రతిని ఇవ్వాలని కూడా చెబుతున్నాయి. డిశ్చార్జి రోజున అడగవలసినవి రెండే: ఆపరేషన్ నోట్, ఇంప్లాంట్ పెట్టెతో వచ్చే కంపెనీ పేరు, పరిమాణం, సీరియల్ నంబరు ఉన్న స్టిక్కరు అంటించిన కార్డు. తరువాత ఎప్పుడు మామోగ్రామ్‌కు వెళ్లినా ముందుగానే ఇంప్లాంట్ ఉందని టెక్నీషియన్‌కు చెప్పాలి. ఇంప్లాంట్‌ను వెనక్కి నెట్టి, రొమ్మును ముందుకు లాగి తీసే ప్రత్యేక పద్ధతి ఒకటి 1988 నుంచి వాడుకలో ఉంది. చెప్పకపోతే మామూలుగానే తీస్తారు, రొమ్ములో కొంత భాగం ఇంప్లాంట్ చాటున ఉండిపోయి చిత్రంలోకి రాదు.