కూలర్‌లో పుట్టిన దోమ

బెజవాడలో ఎవరికి జ్వరమొచ్చినా నింద ముందు కాలవ మీదకే పోతుంది. బందరు కాలవ, ఏలూరు కాలవ, రైవస్ కాలవ... మూడూ ఊళ్ళోంచే పారుతుంటే అనుమానం రాకుండా ఎలా ఉంటుంది? మా వీధిలో డెంగీ వచ్చినప్పుడూ అందరం అటే చూశాం. వానలు పడ్డాక వాడకుండా కిటికీ బయట వదిలేసిన మా కూలర్ సంగతి ఎవరికీ తట్టలేదు.

ఒకరోజు ఎందుకో ట్యాంకులోకి ఫోన్ లైటు వేశాను. వెలుగు పడగానే పదీ పదిహేను పురుగులు మెలికలు తిరుగుతూ అడుక్కి పోయాయి. కాసేపటికి ఒక్కొక్కటే పైకొచ్చి, తోక దగ్గరి గొట్టం నీటి పైకి పెట్టి తలకిందులుగా వేలాడాయి. వాటికి ఊపిరి ఆ గొట్టంతోనే. అవి దోమ పిల్లలు, లార్వాలంటారు. మలేరియా తెచ్చే అనాఫిలిస్ దోమ లార్వాకి ఆ గొట్టం ఉండదు, నీటి మీద బల్లపరుపుగా పడుకుంటుంది.

డెంగీని మోసేది ఈడిస్. నల్లటి కాళ్ళ మీద తెల్ల చారలుంటాయి. డ్రమ్ము, పూలకుండీ కింద పళ్ళెం, పాత టైరు లాంటి చోట్ల నిలవున్న నీళ్ళు చాలు దానికి. కుట్టేది ఎక్కువగా పగలే. రాత్రి దోమతెర కట్టి నిశ్చింతగా ఉంటాం సరే, పగలు నిక్కరేసుకుని తిరిగే పిల్లాడి మాటేంటి?

రక్తం తాగేది ఆడదోమ ఒక్కటే. దాని పొట్టకి పూల తేనె సరిపోతుంది, గుడ్లు పెట్టాలంటేనే రక్తంలోని ప్రోటీన్ కావాలి. తాగుతుండగా విదిలిస్తే పక్కవాళ్ళ మీద వాలుతుంది, అప్పటికే వైరస్ ముదిరిన దోమైతే వాళ్ళకీ అంటిస్తుంది. ఒకే ఇంట్లో వరసగా ఇద్దరు ముగ్గురు మంచాన పడేది చాలాసార్లు అందుకే. అయితే రోగిని కుట్టిన వెంటనే దోమ జబ్బు అంటించలేదు. వైరస్ దాని పొట్టలోంచి లాలాజల గ్రంథులకి చేరాలి, దానికి సుమారు 8 నుంచి 12 రోజులు పడుతుంది.

నేను నీళ్ళు ఒంపేసి ఊరుకున్నాను. వారం తర్వాత వాన జల్లుకి అడుగు తడిస్తే మళ్ళీ అవే పురుగులు! ఈడిస్ గుడ్లు పెట్టేది నీటి అంచుకి కాస్త పైన, తడి గోడ మీద. ఆవగింజ కన్నా బాగా చిన్నవి, నల్లగా గోడకి అతుక్కుని ఉంటాయి. నీళ్ళు ఎండినా నెలల తరబడి బతికి, తడి తగలగానే పొదుగుతాయి. ఒంపడం సగం పనే, తోమాలి.

అలాగని కాలవకి క్లీన్ చిట్ ఇవ్వలేం. జోరుగా పారే నీళ్ళలో దోమలు పెరగవు గానీ, గుర్రపుడెక్క పేరుకుని నీరు కదలని చోట, మురుగు డ్రైనుల్లో క్యూలెక్స్ పుడుతుంది. రాత్రి చెవిలో పాడేది ఎక్కువగా అదే. బోదకాలు దాని పుణ్యమే. ఆ జబ్బు పురుగు పిల్లలు పగలంతా ఊపిరితిత్తుల రక్తనాళాల్లో దాక్కుని, క్యూలెక్స్ కుట్టే వేళకి చర్మం దగ్గరి రక్తంలోకి వస్తాయి. బోదకాలు పరీక్షకి రాత్రి పది దాటాక రక్తం తీసేది అందుకే.

మన ఉక్కకి గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు చాలు. ప్రతి శుక్రవారం నిలవ నీళ్ళన్నీ ఒంపేసి ఆరబెట్టమనే ‘ఫ్రైడే డ్రైడే’ వెనక లెక్క అదే. మొన్న శుక్రవారం కొబ్బరి పీచు పట్టుకుని ట్యాంకు గోడలు అరిగేలా తోమాను. చేతులు కడుక్కుంటుంటే ఫ్రిజ్ గుర్తొచ్చింది. వెనక ట్రే లాగి లైటు వేస్తే, అందులో నాలుగు తలకిందులుగా వేలాడుతున్నాయి.