అనస్థీషియా పీజీ సీటు ఎక్కడ తీసుకోవాలి? అపోహలు - వాస్తవాలు

కౌన్సెలింగ్ మొదలైతే చాలు, మా సిక్కోలు (శ్రీకాకుళం) పిల్లల ఫోన్లు మొదలవుతాయి. "సార్, రిమ్స్ పెట్టుకోనా, రాగోలు జెమ్సా, నెల్లిమర్ల మిమ్సా? కేజీహెచ్ కోసం ఆగమంటారా? ఏటి చేయమంటారు?" రిమ్స్, జెమ్స్, మిమ్స్ మన చుట్టుపక్కల మెడికల్ కాలేజీలు, కేజీహెచ్ విశాఖలోని పెద్దాసుపత్రి. అందరూ అడిగేది ఆసుపత్రి పేరే. అర్ధరాత్రి ఎమర్జెన్సీ ఆపరేషన్ థియేటర్లో ఫస్టియర్ పీజీ పక్కన ఎవరుంటారో అడిగేవాళ్లు అరుదు. నన్నడిగితే ముందు అడగాల్సింది అదే.

అపోహ: జిల్లాలో సీటంటే సిజేరియన్లకు స్పైనల్ (నడుము కింది భాగం మొద్దుబార్చే వెన్ను ఇంజెక్షన్) ఇచ్చుకుంటూ మూడేళ్లు గడిపేయడమే.

వాస్తవం: గుండె, మెదడు ఆపరేషన్లు, నెలల పిల్లల కేసులు విశాఖలోనే ఎక్కువ. అందులో వాదన లేదు. కానీ మన దగ్గరికొచ్చే పేషెంటు అంత తేలికైనవాడేం కాదు. కిడ్నీ జబ్బులు ఎక్కువున్న ఉద్దానం నుంచి డయాలసిస్ మీదున్న మనిషి తుంటి ఎముక విరిగి వస్తాడు. పొటాషియం ఎక్కువగా ఉంటే, శ్వాస గొట్టం (ట్యూబ్) వేయడానికి కండరాలను వదులు చేసే సక్సినైల్‌కోలిన్ ముట్టుకోకూడదు, అది ఇంకా పెంచుతుంది. అదే పని చేసే, కిడ్నీతో పనిలేకుండా రక్తంలోనే విడిపోయే అట్రాక్యూరియం వైపు చూడాలి. యురీమియాలో (కిడ్నీ చెడి రక్తంలో మలినాలు పేరుకున్నప్పుడు) ప్లేట్‌లెట్ల సంఖ్య బాగానే ఉన్నా పనితనం తగ్గి రక్తం త్వరగా ఆగదు, కాబట్టి స్పైనల్‌కి ముందు రెండుసార్లు ఆలోచించాలి. డయాలసిస్ ఎప్పుడు చేశారు, రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇచ్చారా, డయాలసిస్ కోసం రక్తనాళాలు కలిపిన ఫిస్టులా ఏ చేతికుంది (ఆ చేతికి బీపీ కఫ్ కట్టకూడదు) అన్నీ మీరే కనుక్కోవాలి.

పురుగుమందు తాగినవాళ్లు ఐసీయూకి వస్తారు. వాళ్లకి ట్యూబ్ వేయడానికి అదే సక్సినైల్‌కోలిన్ ఇస్తే, దాన్ని విరగ్గొట్టే ఎంజైమును ఆ పురుగుమందు అప్పటికే అడ్డుకుని ఉంటుంది. నిమిషాల్లో పోవాల్సిన ప్రభావం పోవడానికి గంటలు పట్టవచ్చు. సీతంపేట కొండల నుంచి సికిల్ సెల్ (ఎర్రకణాలు కొడవలిలా వంగే జబ్బు) ఉన్నవాళ్లు వస్తే ఒళ్లు చల్లబడకుండా, ఆక్సిజన్ తగ్గకుండా, ఒంట్లో నీరు తగ్గకుండా చూసుకోవాలి. పుస్తకంలో తలో అధ్యాయంలో ఉండే ఇవన్నీ ఇక్కడ ఒకే వారంలో ఎదురుకావచ్చు.

అపోహ: కేసులు ఎక్కువుంటే ట్రైనింగ్ బాగున్నట్టే.

వాస్తవం: ఏ కేసులు, ఎవరి చేత్తో? అమెరికాలో ప్రతి రెసిడెంటూ కనీసం 40 స్పైనళ్లు, 40 ఎపిడ్యూరళ్లు (వెన్నులో సన్నని గొట్టం పెట్టి మందిచ్చేవి), 40 నర్వ్ బ్లాకులు (ఒక నరం చుట్టూ మందిచ్చి ఆ భాగమే మొద్దుబార్చేవి) చేయాలని, పన్నెండేళ్లలోపు పిల్లల కేసులు 100 చూడాలని, వాళ్లలో 5 మంది మూడు నెలలలోపు వాళ్లై ఉండాలని నియమం. ఈ కొలబద్దతో చూస్తే మన ప్రభుత్వాసుపత్రుల్లో స్పైనళ్లకు లోటుండదు. తేడా అంతా ఎపిడ్యూరళ్లు, బ్లాకులు, పసిపిల్లల దగ్గరే తేలుతుంది. అందుకే ఆసుపత్రి చూడ్డానికి వెళ్తే హెచ్‌ఓడీ (విభాగాధిపతి) గది కన్నా ముందు సెకండియర్ పీజీ దగ్గర కూర్చోండి. లాగ్‌బుక్ చూపించమనండి. "చేశాను", "సాయం చేశాను", "చూశాను" వేర్వేరుగా రాశారా? అన్నీ "చేశాను" అనే ఉంటే నేనైతే నమ్మను.

బ్లాకు ఇచ్చేటప్పుడు నరం కనబడే అల్ట్రాసౌండ్ మిషన్ ఉందా అని కాదు, రాత్రిపూట దాని తాళం ఎవరి దగ్గర ఉంటుందని అడగండి. ట్యూబ్ వేయడానికి గొంతు లోపల చూపించే వీడియో లారింగోస్కోపు సంగతీ అంతే. బీరువాలో భద్రంగా ఉన్న పరికరంతో ఎవరికీ బ్లాకు రాదు.

అపోహ: డీఎన్‌బీ అంటే ఎండీ కన్నా తక్కువ.

వాస్తవం: ఎండీ మెడికల్ కాలేజీ డిగ్రీ, డీఎన్‌బీ జాతీయ పరీక్షల బోర్డు ఇచ్చేది. రెండూ మూడేళ్లే, రెండింటికీ థీసిస్ ఉంది. డీఎన్‌బీ ఫైనల్ థియరీ దేశమంతటికీ ఒకే పరీక్ష, అదేమంత సులువూ కాదు. కాకపోతే ప్రైవేటు ఆసుపత్రిలో చేరేవాళ్లు ఒకటి కనుక్కోవాలి: కన్సల్టెంట్ సొంత పేషెంటుకి మిమ్మల్ని ట్యూబ్ వేయనిస్తారా, పక్కన నిలబెడతారా?

అపోహ: డీఆర్‌పీ (డిస్ట్రిక్ట్ రెసిడెన్సీ ప్రోగ్రాం) మూడు నెలలూ దండగ, థీసిస్ పని చేసుకోవచ్చు.

వాస్తవం: జిల్లా ఆసుపత్రికి పంపే ఆ మూడు నెలలు 2021 బ్యాచ్ నుంచి తప్పనిసరి. కొందరికి అది నిజంగానే సెలవులా గడుస్తుంది, కాదనను. కానీ టెక్కలి, పార్వతీపురం లాంటి చోట మీ కాలేజీలో ఉన్నంతమంది సీనియర్లు ఉండరు. ఏ కేసు ఇక్కడే చేయొచ్చు, ఏది అంబులెన్సు ఎక్కించాలి, ఎక్కించే ముందు ట్యూబ్ వేయాలా వద్దా? ఆ లెక్క పెద్దాసుపత్రిలో కూర్చుంటే రాదు, ఎందుకంటే అక్కడికి పేషెంటు వచ్చేసరికే ఇంకెవరో ఆ నిర్ణయం తీసేసుకుని ఉంటారు.