తాయ్ చీ శైలులు: అపోహలు - వాస్తవాలు

చైనా యుద్ధవిద్య అయిన తాయ్ చీ నేర్చుకోవడానికి వచ్చేవారు మొదటి రోజే అడిగే ప్రశ్న ఒకటుంది: చెన్, యాంగ్, వూ, సున్ శైలులలో అసలైనది ఏది? ఇన్నేళ్లుగా నేర్పుతున్నా, ఆ ప్రశ్న వెనుక ఉన్న అపోహలను ముందుగా తొలగించనిదే నేను పాఠం మొదలుపెట్టలేకపోతున్నాను.

అపోహ: తాయ్ చీ ఆద్యంతం ఒకే నెమ్మదితో సాగాలి.

వాస్తవం: ఆ సమగతి ప్రధానంగా యాంగ్ శైలిది, దానికి నేడు మనం చూసే రూపాన్ని స్థిరపరచినవారు యాంగ్ చెంగ్‌ఫు (1883–1936). దానికి మూలమైన చెన్ శైలి హెనాన్ ప్రాంతంలోని చెన్‌జియాగౌ గ్రామానిది. అందులో సుడి తిరుగుతూ నెమ్మదిగా సాగుతున్న చేయి ఉన్నట్టుండి విదిలించినట్టు దూసుకుపోతుంది, పాదం నేలను గట్టిగా తాకుతుంది, మరుక్షణమే ఒళ్లంతా మళ్లీ నిదానిస్తుంది. ఆ విదిలింపు మడమ దగ్గర మొదలై నడుము మీదుగా పిడికిలికి చేరాలి. కొత్తవారు దానిని భుజంతో విసిరి మోచేయి నొప్పి తెచ్చుకోవడం నేను తరచుగా చూస్తుంటాను.

అపోహ: చెన్ శైలి పాతది కనుక అదే అసలైనది, తక్కినవి దాని పలుచన రూపాలు.

వాస్తవం: యాంగ్ శైలి స్థాపకుడు యాంగ్ లుచాన్ (1799–1872) చెన్‌జియాగౌలో చెన్ చాంగ్‌షింగ్ వద్ద నేర్చుకుని, తర్వాత బీజింగ్‌లో నేర్పారు. సున్ లుటాంగ్ (1860–1933) అప్పటికే షింగ్‌యీ, బాగువా అనే చైనా యుద్ధవిద్యలలో ఆరితేరిన తరువాత తాయ్ చీ నేర్చుకుని, ఆ మూడింటి మేళవింపుతో తన శైలిని నిర్మించారు. అందుకే అందులో ఒక పాదం కదిలితే రెండోది వెంటనే దాని వెంట జరుగుతుంది. ఇంతటి సాధన నుంచి పుట్టిన శైలిని పలుచన అనడం అన్యాయం.

అపోహ: వూ శైలి ఒక్కటే.

వాస్తవం: రెండున్నాయి. చైనీస్‌లో వాటి అక్షరాలూ స్వరాలూ వేరు. తెలుగు లిపిలో మాత్రం రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఒకటి వూ యుషియాంగ్ (1812–1880) స్థాపించినది, కదలికలు బాగా కురచగా ఉంటాయి. రెండోది చువాన్‌యౌ, ఆయన కుమారుడు వూ జియాన్‌చువాన్‌లది. ఈ రెండో శైలిలో అరచేతిని ముందుకు నెట్టేటప్పుడు వెనుక మడమ నుంచి నడినెత్తి వరకు శరీరం ఒకే ఏటవాలు గీతగా వాలుతుంది. యాంగ్ శైలికి అలవాటుపడినవారు దానిని తప్పుగా భావించి నిటారుగా సరిచేయబోతారు. వాలినా వెన్ను వంగకపోవడమే అక్కడి నియమం.

అపోహ: ఇరవై నాలుగు భంగిమల వరుస నేర్చుకుంటే యాంగ్ శైలి పూర్తయినట్టే.

వాస్తవం: అది 1956లో చైనా క్రీడా సంఘం సామాన్య ప్రజల కోసం యాంగ్ శైలి ఆధారంగా కుదించిన వరుస. పూర్తి వరుసను లెక్కించే పద్ధతిని బట్టి 85, 103 లేదా 108 భంగిమలుగా చెబుతారు.

అపోహ: మోకాళ్ల నొప్పులున్నవారికి చెన్ శైలి పనికిరాదు.

వాస్తవం: సున్ శైలిలో సహజంగానే ఎత్తుగా నిలబడతాం కనుక అది వారికి సులువన్న మాట నిజమే. అయితే మోకాలికి హాని చేసేది ఎక్కువగా ఓపికకు మించి కిందికి దిగడం, పాదం ఒకవైపు ఉండగా మోకాలు మరోవైపు మెలిపడటం. చెన్ శైలినైనా ఎత్తుగా నిలబడి చేయవచ్చు. ముందుకాలి మోకాలు ఆ పాదం చూసే వైపే చూస్తోందా అని ప్రతి అడుగులోనూ గమనించుకోవాలి.